గాలి తిన్న గుర్రాలు

మా అన్న దేవరాజులు మోటారు సైకిలు చప్పుడును పళ్లతో వినేవాడు. నవ్వేవాళ్లు నవ్వండి, నేను కండ్లారా సూసిందే చెప్తాండాను. ఆయన కాడ రెండడుగుల ఇనప కమ్మి ఒగటి ఉండేది. ఇంజను తిరుగుతా ఉంటే కమ్మి ఒగ కొనను దాని మీద ఆనించి, రెండో కొనను ముందరి పళ్లతో కరిచి పట్టుకొని, కండ్లు మూసుకొని కూర్చునేవాడు. మదనపల్లిలో ఆయన షెడ్డు ముందర నడిచిపోయే ఆడోళ్లు కొందరు "పాపం, ఆయప్పకు ఏమో అయినట్టుంది" అని పక్కకు జరిగి పోయేవాళ్లు.

చెవులు బాగుండే కాలంలో కమ్మితో పనే లేదు. బండి వీధి మలుపు కాడ ఉండంగానే దానికి ఏం రోగమో చెప్పేసేవాడు. ఇరవై ఏండ్లు సైలెన్సర్లు విప్పేసిన ఇంజన్ల పక్కన కూర్చుని కూర్చుని, యాభై దాటినాంక చెవులు మందగించినాయి. ముందు కుడిది, ఆనెంక ఎడమది. మా వదిన పూలమ్మను అడిగితే, "నేను పిలిస్తే ఆయన ఎప్పుడు పలికినాడని? చెవులు పోయిన సంగతి నాకు రెండేండ్లకు గాని తెలీలేదు" అనేది. నవ్వుతానే అనేది గాని, షెడ్డు ముందర నిలబడే బండ్లు తగ్గిపోతా ఉండాయని ఆయమ్మకు తెలుసు. చెవిటి మెకానిక్కు కాడికి బండి తీసకపోతే బండి కూడా చెవిటిదయిపోతాదని కుర్రోళ్లు ఎకసెక్కాలాడతా ఉండిరి.

ఎమర్జెన్సీ అయిపోయిన మరుసటేడు. వైశాఖం ఆఖర్లో నేను ఊరగాయకు సాయంగా వదిన కాడికి పోయింటి. మాది పుంగనూరు పక్కన పల్లె, మదనపల్లికి బస్సుంది. ఆ పొద్దు మిట్ట మధ్యాన్నం కుప్పం నుంచి గంగాధరం వచ్చినాడు. పొలాలు, పట్టుపురుగుల షెడ్లు ఉండే ఇంటి బిడ్డ, బీయస్సీ చదివినాడు. ఆయప్ప జావా బండి తెలీనోళ్లు ఈ తట్టు ఎవురూ లేరు. ఎర్రటి బండి, ట్యాంకు పక్కల అద్దం మాదిరి మెరిసే రేకు, రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. మద్రాసు పక్కన షోలవరంలో పందేలకు తోలిన బండంట. ఈయప్ప చేతికొచ్చి ఆరేండ్లు, బండి పుట్టి పదైదేండ్లు.

గంగాధరం బండి దిగి, మా అన్నకు పెదాలు కనపడేట్టు ఎదురుగా నిలబడి చెప్పినాడు.

"అన్నా, బండిలో బలం లేదు. పోయిన నెల నీకాడ చేయించుకొని పోయినాంక కూడా అట్లే ఉండాది. ఇదో, ఈ జయమ్మక్కోళ్ల ఊరి మిట్ట ముందర టాప్ గేరులోనే ఎక్కుతా ఉండె. ఇప్పుడు మూడో గేరుకు దింపాల్సి వస్తాండాది."

"నేను సూసి పంపినప్పుడు బాగానే ఉండెనప్పా."

"బాగుండాదని నీకెట్ల తెలిసె? వినపడిందా?"

మజ్జిగ చెంబు తెస్తాండిన వదిన గడప కాడే నిలబడిపోయింది. గంగాధరం మొరటు మనిషి గాదు. అనేసినాంక ఆయప్ప మొగమే ఎర్రబారింది.

"నిన్ను తక్కువ చెయ్యాలని గాదన్నా. బెంగుళూరులో ఒగాయన ఉండాడంట. ఈసారి ఆడికి తీసకపోతాను."

ఆ బండి బెంగుళూరుకు పోయిందంటే దాని ఎనకాల కుప్పం, వి.కోట, పలమనేరు బండ్లన్నీ పోతాయి. ఆ సంగతి షెడ్డులో ఉండే మా ముగ్గురికీ తెలుసు. మా అన్న చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. చానా సేపు తుడుచుకున్నాడు.

"నెల దినాలు గడువియ్యి," అన్నాడు. "ముందు దీని బలం ఎంతుండాదో నువ్వే కొలువు. నేను పని చేసినాంక మళ్లా నువ్వే కొలువు. లెక్క నీది. నా మాట, నా చెవి రెండూ వద్దు. పెరగలేదంటే నేనే ఈ షెడ్డుకు తాళమేసి, మా ఊరికి పోయి గొర్రెలు కాసుకుంటాను."

"గొర్రె తప్పిపోయి అరిస్తే అది మాత్రం వినపడతాదా నీకు," అనింది వదిన. ఆ మాట ఆయనకు వినపడేట్టు అనలేదు. లోపలికి పోయి కండ్లు తుడుచుకుంది.

మరుసటి దినం అందరం మా ఊరికి వచ్చినాము. మా ఊరు దాటంగానే రోడ్డు ఒగే వరసలో మూడు ఫర్లాంగులు ఏటవాలుగా ఎక్కతాది. కింది ఫర్లాంగు రాయి కాడ నిలబడితే పైరాయి కనపడతాది. మా ఆయన నారాయణస్వామి రోడ్డు పనిలో మేస్త్రి. నీళ్లు నింపిన సన్న ట్యూబు, రెండు కర్రలు పట్టుకొని, గజం గజం లెక్కేసుకుంటా పైకి పోయి, కిందికీ పైకీ ఎత్తు తేడా నూటిరవై అడుగులని తేల్చినాడు. బండి బరువు పుస్తకంలో ఉండాది. గంగాధరాన్ని మా కాటా మీద నిలబెట్టి తూచినాము. ఎనకాల సీటు మీద ఎనబై కేజీల రాగుల మూట ఒగటి, పసిబిడ్డను కట్టినట్టు పొడుగ్గా కట్టినాము. బరువుంటేనే బలం తెలుస్తాదంట.

"ఎన్ని గుర్రాల బలమో సూస్తాము," అన్నాడు గంగాధరం.

"ఈ తట్టు గుర్రాలు యాడుండాయప్పా? మా పుంగనూరు ఎద్దుల్లెక్కన చెప్పు, మాకూ అర్థమయితాది."

"మీ ఎద్దులు మోకాలెత్తు ఉంటాయి గదక్కా. ఆ లెక్కన నా బండి ఏనుగయిపోతాది."

"అయితే కానీలే. మా అన్న గెలుస్తాడు గదా."

గడియారం నా చేతికిచ్చినాడు. నేను సదివింది మూడో తరగతి. టైము ఎంతయిందో సూసేది నాకు అంతంత మాత్రం. కానీ సన్న ముల్లు ఒగొక గీత దాటతా ఉంటే లెక్కబెట్టేది రాదా? కిందిరాయి దాటినప్పుడు మా ఆయన తెల్ల తుండుగుడ్డ కిందికి వదలాల, నేను పైరాయి కాడ నిలబడి ఆ చణం నుంచి లెక్కబెట్టాల. ఇదీ ఏర్పాటు.

"మీ అన్న గదా అని రెండు గీతలు మింగేయద్దక్కా," అన్నాడు గంగాధరం.

"ఈ దినం ఎక్కువ సెప్పి ఆ దినం తక్కువ సెప్తే గదా మా అన్నకు లాభం. అంత తెలివుంటే నేను నాలుగో తరగతికి పోయిందును."

దూరం నుంచే బండిని బాగా పరిగెత్తించి వచ్చి, కిందిరాయి దాటినాడు. తుండు పడింది. లెక్కబెట్టినాను. ముప్పై ఏడు. మూడు సార్లు తోలినాడు, మూడు సార్లూ ముప్పై ఏడే. ఆ అంకె ఈ పొద్దు కూడా నా నాలిక మీద ఉండాది.

గంగాధరం నోటు పుస్తకంలో హెచ్చవేతలూ భాగహారాలూ చేసి, మూడున్నర గుర్రాలు అన్నాడు.

"బండి పుస్తకంలో ఎన్ని ఉండాయప్పా?"

"పన్నెండు."

"మిగిలినవి యాడికి పోయినాయి?"

"కొన్ని గొలుసులో, టైర్లలో పోతాయక్కా. ఇంజను అరిగి కొన్ని పోయింటాయి. చానా మటుకు గాలి తినేస్తాది. నువ్వు స్పీడుగా పోయేకొద్దీ గాలి ఎదురు నెట్టతాది. దాన్ని చీల్చుకొని పోనీకే ఎక్కువ బలం పోతాది. గాలి తిన్నది ఈ లెక్కలోకి రాదు. ముప్పై ఏడు తగ్గిందా లేదా, అంతే మనకు గురుతు."

గాలి గుర్రాలను తినేది ఏందో అని నాకు నవ్వొచ్చింది. కానీ మాట మనసులో పడిపోయింది. నాకు సదువు లేదు గాని, ఒగసారి ఇన్నది పోదు.

ఆ నెలలో నేను మదనపల్లికి మూడు మాట్లు పోయినాను. మా అన్న పని చేసేది అంతకు ముందు నేనెప్పుడూ కూర్చుని సూడలేదు. ఇంట్లో ఉప్పెక్కువయిందని అరిచే మనిషి వేరే, షెడ్డులో మనిషి వేరే. ఇంజను విప్పకముందు నాలుగు దినాలు ఊరికే స్టార్టు చేసి, కమ్మి పళ్ల మధ్య పెట్టుకొని, ఒగొక జాగా మీద ఆనించి విన్నాడు. ఇంజను కుడి తట్టు కింద ఒగ జాగాలో ఆపి, కనుబొమ్మలు దగ్గరికి తెచ్చి, మళ్లా మళ్లా ఆడే పెట్టినాడు.

"ఏముంది అన్నా?" అని చేత్తో సైగ చేసినాను.

"పీలుస్తాండాది," అన్నాడు. "లోపల తిరిగే ఇరుసుకు ఆడ రబ్బరు సీలు ఉంటాది. అది పెళుసెక్కిపోయి సందిచ్చింది. పెట్రోలు గాలి లోపలికి పోయేదానికి బదులు, ఉత్త గాలి దొంగదోవలో దూరతాండాది. చెవులుండే కాలంలో నాకిది తెలిసేది కాదు పాపా. సైలెన్సరు మోతలో కలిసిపోతాది. పళ్లకయితే మోత ఉండదు, లోపలి చప్పుడొగటే వస్తాది."

ఆ మాట అనేటప్పుడు ఆయన మొగంలో దిగులు లేదు. కొత్త పనిముట్టు దొరికిన వాని మొగం మాదిరి ఉండె.

సీలు మార్చినాడు. ఆనెంక ఇంజను పైమూత విప్పితే, పొగ బయటికి పొయ్యే కంత సగానికి సగం మసి గడ్డకట్టుకొని ఉంది. ఇనప ఉలి పెట్టలేదు. ఎదురుబద్దను చాకు మాదిరి చెక్కి, దాంతో గీకినాడు. ఇనుమయితే గీత పడతాదంట, గీత పడితే మళ్లా మసి ఆడే పట్టుకుంటాదంట. సైలెన్సర్ల లోపలి గొట్టాలు పిడకల మంటలో ఎర్రగా కాల్చి, దులిపితే దోసెడు దోసెడు బొగ్గు రాలింది. వదిన ఆ బొగ్గు సూసి, "ఇంత కడుపులో పెట్టుకొని ఎట్ల పరిగెత్తింది బిడ్డ," అనింది. పైమూతను మందపాటి అద్దం మీద ఎమరీ కాయితం పరిచి, సున్నాలు సుట్టినట్టు సుట్టి సుట్టి రుద్దినాడు, రెండు దినాలు. ఎంట్రుక మందం తీసినాడంట. అంత తీస్తే లోపల వత్తిడి పెరుగుతాది, ఇంకాస్త తీస్తే ఇంజను పగులుతాది అని చెప్పినాడు. ఆ ఎంట్రుక మందం ఆయన కొలిచింది బొటనేలి గోరుతో.

ఆషాఢం పుట్టినాంక, చెప్పిన దినానికి అందరూ మా ఊరికి వచ్చినారు. నా తప్పు ఈడ సెప్పాల.

ఆ రాగుల మూటను అట్లే పక్కన పెట్టమని గంగాధరం చెప్పిపోయినాడు. నేను పెట్టినాను. నడాన గంగమ్మ జాతరొచ్చింది. చుట్టాలు పదారు మంది దిగినారు. పదారు మందికి రెండు పూటలా సంగటంటే మాటలా? మూట విప్పి పిండి మిషనుకు పంపించేసినాను. బరువు బరువే గదా, అని ధైర్యం. విత్తనానికి తొక్కతోనే పెట్టుకున్న చెనిక్కాయలు రెండు గోతాలు తీసి, కాటా కాడ నిలబడి, కాయ కాయ తీసి ఏసి, సరిగ్గా ఎనబై కేజీలు చేసినాను. అర కేజీ తేడా వచ్చినా మా అన్న కొంప మునుగుతాదని భయం.

గంగాధరం గోతాలు సూసి, "ఎనబయ్యేనా?" అని అడిగినాడు. "కావాలంటే తూచుకో," అన్నాను. తూచినాడు. "సరే అక్కా, బరువు బరువే," అన్నాడు. మా ఆయన ఆ రెండు గోతాలను సీటుకు ఆ పక్కొగటి ఈ పక్కొగటి ఏలాడగట్టినాడు, గాడిద మీద చాకలి మూటలు ఏసినట్టు.

మా అన్న పైరాయి కాడ నా పక్కన నిలబడినాడు. చేతిలో షెడ్డు తాళంచెవి ఉండాది. యాల తెచ్చినాడో నేను అడగలేదు.

బండి బయల్దేరింది. చప్పుడే మారిపోయింది, ముందర దగ్గుతాండిన మనిషి ఇప్పుడు గొంతెత్తి పాడినట్టు ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తుండు పడింది. ఇరవై. ముప్పై. ముప్పై అయిదు. బండి ఇంకా రాలేదు. రాయి దాటేసరికి ముప్పై ఎనిమిది.

మా అన్న నా మొగం సూసినాడు. నేను చేతి ఏళ్లు సూపించినాను. మళ్లా తోలినాడు, ముప్పై ఎనిమిదే. మూడోసారి కూడా అంతే.

గంగాధరం బండి ఆపి దిగినాడు. "చప్పుడు బాగుండాదన్నా," అన్నాడు. "కింద బయల్దేరేటప్పుడు నిన్ను గెలిపించేస్తాదనే అనుకున్నాను."

"లెక్క నీదని చెప్పినాను గదప్పా," అన్నాడు మా అన్న. తాళంచెవి జోబిలో ఏసుకున్నాడు. బండి కాడికి పోయి ట్యాంకు మీద అరచెయ్యి పెట్టినాడు, చానా సేపు తియ్యలేదు. "నా పళ్లు కూడా అబద్ధం చెప్పినాయి," అన్నాడు ఎవురికీ గాకుండా.

ఆ మాట నేను తట్టుకోలేకపోతిని. పక్కకు పోయి గోతాల తాళ్లు విప్పబోయినాను. మిట్ట మీద ఆషాఢం గాలి ఎట్లుంటాదో మా తట్టు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒగ గోతం విప్పి నెత్తికెత్తుకున్నాను. నాలుగడుగులు ఏసినానో లేదో, గాలొచ్చి గోతాన్ని పట్టి నన్ను సుట్టూ తిప్పేసింది. బోర్లా పడబోయి నిలదొక్కుకున్నాను.

అట్లే నిలబడిపోయినాను. ఎన్ని ఏండ్లుగా మోస్తాండాను నేను, రాగుల మూట ఎప్పుడన్నా నన్ను ఇట్ల తిప్పిందా? రాగుల మూట మెడను నొక్కతాది, అంతే. చెనిక్కాయల గోతం అంత బరువుండదు గాని, గాలికి మాత్రం గోడ మాదిరి అడ్డం నిలబడతాది.

"గంగాధరప్పా, గుర్రాలను గాలి తింటాదని నువ్వే గదా చెప్పింది?"

"అవునక్కా."

"రాగుల మూట నీ ఎనకాల నీ నీడలో పొడుగ్గా కూర్చునింది. ఈ రెండు గోతాలూ నీకు ఆ పక్కా ఈ పక్కా మూరెడు మూరెడు బయటికి ఉండాయి. గాలికి మేత పెట్టింది నేనేనప్పా."

గంగాధరం గోతాల కల్లా సూసినాడు, నా కల్లా సూసినాడు. పుస్తకం తీసి మూసినాడు. బీయస్సీ సదివిన మొగం సిన్నబోయింది. "బరువు బరువే అని నేను కూడా అన్నాను గదా," అన్నాడు.

నేను ఊళ్లోకి పరిగెత్తినాను. ఎదురింటి ఈరప్ప భార్య నంజమ్మ రాగుల గాదె కాడ కూర్చోనుంది.

"ఎనబై కేజీలు రాగులు కావాల వదినా, మధ్యాన్నానికి తెచ్చిస్తాను."

"బండికి సంగటి పెడతారా ఏంది?"

"అట్లే అనుకో."

నవ్వుకుంటానే కొలిచిచ్చింది. మా ఆయన కాటా తెచ్చినాడు. మూటను మునుపటి మాదిరే పొడుగ్గా కట్టినాడు. అదే దినం, అదే ఎదురుగాలి, అదే మనిషి, అదే బరువు. మారింది మూట ఒగటే. అట్లయితేనే లెక్క ఒప్పుకుంటానని గంగాధరం చెప్పినాడు, మళ్లా తూచి సూసినాడు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

తుండు పడింది. పది. ఇరవై. ఇరవై అయిదు కాడ బండి అప్పుడే ముక్కాలు మిట్ట దాటేసి ఎర్రగా పెద్దదవతా ఉండాది. గాలిని రెండుగా చీల్చుకొని మా ముందర నుంచి పోయింది. నా ముక్కుకు పెట్రోలు వాసన కొట్టింది, నా కొంగు ఎగిరి మొగానికి కొట్టుకునింది. అయినా కన్ను ముల్లు మీదనే ఉంచినాను.

ముప్పై ఒగటి.

మా అన్న నా చేతుల కల్లా సూస్తాండాడు. రెండు చేతులూ మూడు సార్లు తెరిచి మూసినాను. ఆనెంక ఒగేలు. ఆయన నమ్మలేదు. మళ్లా సూపించమన్నాడు. మళ్లా సూపించినాను.

మూడు సార్లు తోలినాంక గంగాధరం రోడ్డు పక్కన మోరీ గోడ మీద కూర్చుని లెక్క ఏసినాడు. మిట్ట ఎక్కనీకి ఒగ గుర్రం దాకా పెరిగింది, గాలిని చీల్చనీకి అందాజుగా రెండు పెరిగింటాయి, మొత్తం మూడు దాకా వచ్చినాయి అన్నాడు. పదైదేండ్ల బండికి ఇన్ని తిరిగొచ్చినాయంటే కొత్తదానికి బెత్తెడు దూరంలో ఉండాదంట. పుస్తకం మా అన్న చేతికిచ్చి, "నీ చేత్తో దీని కింద సంతకం పెట్టన్నా," అన్నాడు. మా అన్న పెట్టినాడు. నన్ను కూడా పెట్టమన్నాడు. జయమ్మ అని మూడక్షరాలు రాసినాను.

"సోమారం మా బావ బండి తీసకొస్తాను," అన్నాడు గంగాధరం. "దానికి ఏం రోగమో నేను చెప్పను. నీ పళ్లనే అడుగు."

గంగాధరం పోకముందు, బండి తిరుగుతా ఉండంగానే మా అన్న నన్ను పిలిచి కమ్మి చేతికిచ్చినాడు. "ఇంద పాపా, నువ్వు కూడా విను." కరుచుకున్నాను. ఇనుము చేదుగా ఉంది. రెండో కొన ఇంజను మీద పెట్టినాడు. ఒగటే చప్పుడు, నా చెవుల్లోకి కాదు, నా పుర్రెలోకే వచ్చింది. కుండలో చల్ల చిలికినట్టు, ఆగకుండా, ఒగ బొట్టు కూడా చిందకుండా. ఈ మనిషి దినమంతా ఇది వింటాండాడా, అనుకున్నాను. ఈయన్ను చెవిటోడని ఎవురన్నారు?

షెడ్డు ఇంకా ఎనిమిదేండ్లు నడిచింది. కుప్పం నుంచి, వి.కోట నుంచి, కన్నడ తట్టు నుంచి కూడా బండ్లొచ్చేవి. మిట్ట కాడికి కొలతకొచ్చిన ప్రతి బండికీ గడియారం నేనే పట్టుకున్నాను. మూట కూడా ఎప్పుడూ రాగులదే, దాన్ని జాతరకు కూడా విప్పలేదు. ఎనబై ఆరులో మా అన్న తాళమేసినాడు, తనే, ఎవురూ చెప్పకుండా. ఆయేడు ముందరి పళ్లు నాలుగూ ఊడిపోయినాయి.